అడిగితే చెప్పే మనిషి

హలో… హలో… ఆఁ, ఇప్పుడు వినపడుతోందా అండీ? భోజనాలు అయ్యేయా? అవకపోతే కంచం పక్కన పెట్టుకునే చదవండి, పర్లేదు. కాకపోతే ఆ ఇంట్లో మాత్రం ఇవాళ ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పోయినవారం జోజిగారు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా లేచిపోయిన దగ్గర ఆగేం కదా. అక్కణ్ణించే పదండి.

"లేచిపోవడం కాదండీ, నోరు విప్పండి!" అంది ఆయన భార్య సువర్ణ.

జోజి చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాడు. కొబ్బరికాయల రాశి పక్కన గునపం పాతి ఉంది. ఒక కాయ తీసి గునపానికి గుచ్చి వంచాడు. డొక్క చీలిన చప్పుడు తప్ప ఆ మనిషి దగ్గర్నించి ఇంకే చప్పుడూ రాలేదు.

బెంగళూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

ముక్తేశ్వరంలో ఎవరిని అడిగినా చెబుతారు, జోజి అంటే 'ఆయ్ జోజి'. ఎవరు ఏం అడిగినా ముందు 'ఆయ్' అంటాడు, తర్వాత జవాబు చెబుతాడు. కోటిపల్లి వెళ్ళే దారి ఎటని ఎవరైనా అడిగితే చెయ్యి చూపించి ఊరుకోడు. రేవు దాకా వెంట నడిచి, ఏరు దాటించే పంటు ఎక్కించి, అది ఒడ్డు వదిలేదాకా నిలబడి వస్తాడు. అలాంటి మనిషి ఇప్పుడు పాలు పోసేవాడు పలకరించినా తల దించుకుని పక్కకి తప్పుకుంటున్నాడు.

"చూడండి అత్తయ్యా మీ అబ్బాయిని," సువర్ణ వంటింటి గుమ్మంలో నిలబడి అంది. "మాట్లాడకూడని చోట మాట్లాడేరు. మాట్లాడాల్సిన చోట మూగనోము పట్టేరు. ఆస్పత్రిలో రోజంతా రోగుల గోల, ఇంటికొస్తే ఈ గోల. దీనికంటే వాళ్ళే నయం, ఎక్కడ నొప్పో చెబుతారు."

అరుగు మీద కూర్చున్న పాపాయమ్మ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "వాడేదో ఖూనీ చేసినట్టు మాట్లాడతావేంటే కోడలా. ఆటలో పక్కనున్నావిడ అడిగింది, చెప్పేడు. అడిగితే చెప్పడం కూడా తప్పేనా?"

"తప్పేనండి! ఆ ఆటలో తప్పే!"

"పాడు ఆట."

"ఆ పాడు ఆట నేర్పించింది మీ అబ్బాయే."

ఆ మాటకి పెరట్లో గునపం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

జోజి విశాఖపట్నంలో గోల్ఫ్ మైదానంలో చాలా ఏళ్ళు గడ్డి కోశాడు, ఆడేవాళ్ళ బ్యాగులు మోశాడు. అక్కడి క్వార్టర్స్‌లో పుట్టిన పిల్ల రెబెకా. విరిగిపోయిన కర్రని తండ్రి కోసి పొట్టి చేసి ఇస్తే దాంతోనే ఆట మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రొఫెషనల్. మోకాలు అరిగి జోజి ఊరికి వచ్చేశాక, పోటీలు లేనప్పుడు ఆ పిల్ల కూడా ఇక్కడే ఉంటుంది. కొబ్బరిచెట్ల వరసల మధ్య నుంచి బంతి తిన్నగా కొట్టడం ఇక్కడే సాధన చేసింది. వేసవిలో గోదారి తగ్గాక బయటపడే ఇసక మేటల్లో నిలబడి, ఇసకలోంచి బంతి లేపడం కూడా ఇక్కడే.

వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. సువర్ణ తమ్ముడు శ్యామ్ బాబు దిగాడు. హైస్కూల్లో మాస్టారు. ఏ కష్టం వచ్చినా దానికో ఉపాయం ఉండి తీరుతుందని నమ్మే మనిషి. ఇవాళ మొహంలోనే ఉపాయం కనబడుతోంది.

"బావగారేరీ?"

"ఉన్నారు. కాయలతో కబుర్లు చెబుతున్నారు," అంది సువర్ణ.

"రెబ్బీ?"

గదిలోంచి రెబెకా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చేతిలో తడిగుడ్డ, కర్ర. కర్ర ఎప్పుడో శుభ్రమైపోయింది, ఇంకా తుడుస్తూనే ఉంది.

"కూర్చోండి మాస్టారూ," అంది పాపాయమ్మ. "ముందు నాకో మాట చెప్పండి. మీరందరూ నాలుగు రోజుల్నించీ అరుచుకుంటున్నారు గానీ, ఆ పెద్ద ఆటకి మనిషిని ఎలా తీసుకుంటారో నాకు ఎవరూ చెప్పలేదు. మన రిబ్కాని ఎందుకు వద్దన్నారు?"

ఆవిడ బైబిల్లో ఉన్నట్టే రిబ్కా అంటుంది. ఎంత చెప్పినా మార్చుకోదు.

శ్యామ్ బాబు నల్లబల్ల ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

"మన రేవులో పంటు ఉంది కదండీ అత్తయ్యగారూ. ఆడవాళ్ళ గోల్ఫులో ఏడాదికి అయిదు పెద్ద ఆటలుంటాయి, మేజర్లు అంటారు. ఇది వాటిల్లో ఒకటి. ప్రపంచం మొత్తమ్మీద ఓ నూటయాభై మంది పంటెక్కుతారనుకోండి. చాలా సీట్లు ముందే ఖాయం. ఇదివరకు గెలిచినోళ్ళు, ర్యాంకుల్లో పైనున్నోళ్ళు, పెద్ద పోటీల్లో కప్పులు కొట్టినోళ్ళు. వాళ్ళు తిన్నగా వచ్చి కూర్చుంటారు."

"మిగతావాళ్ళు?"

"రేవులో నిలబడాలి. దాన్నే క్వాలిఫయింగ్ అంటారు. పొద్దున్న మొదలెట్టి సాయంత్రం దాకా ఒక్కరోజు ఆట. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలన్నిట్లో వేసి ముగిస్తే వాళ్ళు ఎక్కుతారు. బెంగళూరులో వచ్చినోళ్ళు బోలెడుమంది, ఖాళీలు రెండే."

"మన పిల్ల?"

"మూడోది. ఒక్క దెబ్బ తేడా. మొదటి రిజర్వు అంటారు. ఎక్కినోళ్ళలో ఎవరైనా దిగిపోతే అప్పుడు మనకి ఫోనొస్తుంది."

"పంటెక్కినోళ్ళు మధ్యలో ఎందుకు దిగుతారు బాబూ?"

"కాలో చెయ్యో విరిగితే దిగుతారండి."

పాపాయమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అయితే పొద్దున్నే లేచి, ప్రభువా ఎవరిదో ఒకరి చెయ్యి విరగ్గొట్టు తండ్రీ అని ప్రార్థన చెయ్యాలా మనం?"

ఇంకో రోజైతే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళే. ఇవాళ శ్యామ్ బాబు ఒక్కడే నవ్వబోయి, అక్క మొహం చూసి మానేశాడు.

"ఆ ఒక్క దెబ్బా అసలు పోయేదే కాదు," అంది సువర్ణ. "ఈయన నోటి పుణ్యాన లెక్కలో రెండు దెబ్బలు పెరిగేయి. ఈవిడగారి నోరు ఇంకా గొప్పది. రిఫరీ చూళ్ళేదు, వినలేదు. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు. తనే నడుచుకుంటూ వెళ్ళి, మా నాన్న ఇలా చెప్పేరండి, పెనాల్టీ వెయ్యండి అని చెప్పి వచ్చింది. కన్నతండ్రి మీద!"

"నేను విన్నాను మమ్మీ," అంది రెబెకా మెల్లిగా.

"విని ఊరుకోవచ్చు కదే!"

"ఊరుకుంటే, ఆట అయ్యేక లెక్క సరిగ్గా ఉందని సంతకం పెట్టాల్సింది నేను."

"పెడితే ఏమవుతుంది, చెయ్యి పడిపోతుందా?"

రెబెకా కర్రని ఇంకోసారి తుడిచింది. పెరటివైపు చూసింది. తండ్రి ఇటు తిరుగుతాడేమోనని చూసింది. జోజి తిరగలేదు. కూతురు చూస్తోందని తెలుసు. తెలిసే తిరగలేదు. తండ్రి తప్పు నలుగురిలో చెప్పుకోవాల్సి వచ్చినందుకు ఆ పిల్ల ఎంత చితికిపోయిందో బెంగళూరు నుంచి రైల్లో వస్తున్నప్పుడు ఆ మొహంలో చూశాడు. ఇంకోసారి చూసే ధైర్యం లేదు.

"ఇప్పుడు నేను చెప్పేది వినండి," అన్నాడు శ్యామ్ బాబు. "కమిటీవాళ్ళు పేర్లు ఇంకా పైకి పంపలేదు. ఈలోపు మన పిల్లతో ఆడినమ్మాయి తల్లి, ఆ ఢిల్లీ ఆవిడ, నేను అసలు అడగనే లేదు అంటోందట. ఆవిడ కూతురికీ రెండు దెబ్బలు పడ్డాయి కదా మరి. బావగారు కూడా నేను చెప్పలేదు అన్నారనుకోండి…"

"అబద్ధం కదా బాబూ అది," అంది పాపాయమ్మ.

"అబద్ధం కాదండీ. సందేహం. సందేహం వస్తే పెనాల్టీ తీసేస్తారు."

"మా చర్చిలో దాన్ని అబద్ధమనే అంటారు."

"అప్పుడు రెండో చోటు వచ్చిన రాంచీ అమ్మాయి పోతుంది మావయ్యా," అంది రెబెకా. "తను నన్ను పట్టుకుని ఏడ్చింది. సంతోషంతో."

"పోతే పోనీ. రాంచీలో ఆ అమ్మాయికీ ఓ మావయ్య ఉండే ఉంటాడు, ఆయన చూసుకుంటాడు. మనం మన పిల్ల సంగతి చూడాలి." శ్యామ్ బాబు గొంతు తగ్గించాడు. "రెబ్బీ, నువ్వు మీ అమ్మకి మాటిచ్చేవు. ఇదే ఆఖరుసారి, రాకపోతే కర్రలు అటకెక్కించి జూన్ నుంచి ఆటల టీచరుగా చేరిపోతానన్నావు. మా కరస్పాండెంటుగారితో మాట్లాడింది నేనే. ఆ ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఈ పంటు మాత్రం మళ్ళీ రాదమ్మా."

ఆ పిల్ల చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"బావగారూ!" శ్యామ్ బాబు పెరట్లోకి కేకేశాడు. "మీరు ఊఁ అనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

జోజి ఇంకో కాయ గుచ్చాడు.

*

జోజికి ఆ రూలు తెలీక కాదండీ. అదే అసలు బాధ. బ్యాగు మోసేవాడు మొదట నేర్చుకునేదే అది. మన మనిషి ఏ కర్రతో కొట్టిందో ఎదుటివాళ్ళకి చెప్పకూడదు, వాళ్ళూ అడగకూడదు. బ్యాగు మోసేవాడు చెప్పినా ఆడేమనిషి చెప్పినట్టే లెక్క. ఇద్దరికీ చెరి రెండు దెబ్బలు కలుపుతారు.

బెంగళూరులో ఆ రోజు రెబెకా బ్యాగు జోజే మోశాడు. పదహారో గుంట దగ్గర మధ్యలో చెరువు. ఎదురుగాలి. రెబెకా ఏడో నంబరు కర్ర తీసి కొట్టింది. బంతి నీళ్ళు దాటి జెండా పక్కన పడి, అలిసిపోయినట్టు ఆగింది. జోజి గుండె నిండిపోయింది. గుండె నిండినప్పుడు మనిషి జాగ్రత్తగా ఉండడు కదండీ.

ఢిల్లీ ఆవిడ కూడా తన కూతురి బ్యాగు తనే మోస్తోంది. మడమ దగ్గర చెప్పు కొరికి కుంటుతోంది. అంతకుముందే జోజి ఆవిడకి కూర్చోడానికి చోటు చూపించాడు, మంచినీళ్ళిచ్చాడు, ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకుల పొట్లం విప్పి రెండు పెట్టాడు. ఆవిడ నోట్లో ఆ పూతరేకు ఇంకా కరుగుతూనే ఉంది. కూతురు ఏ కర్ర తియ్యాలో తేలక నిలబడి ఉంది. ఆవిడ ఇటు తిరిగి, "భాయ్‌సాబ్, ఏది వాడింది మీ అమ్మాయి?" అంది హిందీలో.

పెద్దావిడ. కుంటుతోంది. అడిగింది.

"సెవెన్ అండీ," అన్నాడు జోజి.

అనేశాక తెలిసింది. తల తిప్పి చూస్తే రెబెకా తననే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. వరద నీళ్ళలో కొట్టుకుపోతున్న సామాను వంక ఒడ్డు మీద నిలబడి చూసేవాళ్ళ చూపు ఉంటుంది చూడండి, అది.

అప్పటినుంచీ జోజికి తన నోరంటే భయం. అది తెరిస్తే ఇంకేం పోతుందోనని భయం.

*

ఎండ తగ్గాక రెబెకా గోదారి ఇసకలోకి దిగింది. జోజి అలవాటు కొద్దీ బంతుల బుట్ట పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. ఆ పిల్ల రమ్మనలేదు, వద్దనలేదు.

నీళ్ళు అవతలి ఒడ్డువైపు సన్నగా పారుతున్నాయి. ఇవతల అంతా ఇసకే. రెబెకా మడమలు ఇసకలో పాతుకుని నిలబడింది. జోజి బంతి వేశాడు. కొట్టింది. ఇంకోటి వేశాడు. కొట్టింది. చాలాసేపు ఆ ఇద్దరి మధ్యా ఇసక చప్పుడే మాట.

దూరంగా పంటు రేవు వదులుతోంది. వెనకాల ఒకాయన సంచీ ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చి, నీళ్ళ అంచున ఆగిపోయాడు.

రెబెకా అటే చూస్తూ అంది. "డాడీ."

జోజి బుట్టలోకి చూశాడు.

"నా మీద కోపమా? నేను వెళ్ళి చెప్పినందుకు?"

లేదమ్మా, అనాలనుకున్నాడు. నువ్వు చేసిందే ఒప్పు, తప్పంతా నాదే అనాలనుకున్నాడు. అనలేక బుట్టలో బంతులు కెలికాడు.

"కోపమైతే తిట్టు. మమ్మీలాగా కేకలెయ్యి. ఇలా ఉంటే నాకు భయంగా ఉంది డాడీ." కర్రతో ఇసకలో గీత గీసింది, చెరిపేసింది. "రాత్రి పడుకుంటే ఆ స్కూలు గంటే వినపడుతోంది. ఈలేసి పిల్లల్ని వరసలో నిలబెట్టడం కనపడుతోంది. అది చెడ్డ పనని కాదు. కానీ నాకు వచ్చింది ఒక్కటే పని కదా. ఈ ఒక్కటే కదా నువ్వు నేర్పింది."

జోజి వంగి కాళ్ళ దగ్గర పడ్డ బంతిని బుట్టలో వేశాడు.

"ఒక్కటి అడుగుతాను, చెప్పు." ఆ పిల్ల గొంతు మారింది. మరీ చిన్నపిల్ల గొంతైపోయింది. "నువ్వు నిజంగా చెప్పేవా ఆవిడకి? నాకు అలా అనిపించిందేమో. నువ్వేం అనలేదేమో. ఏం డాడీ?"

ఈ నాలుగు రోజులూ నోరు కట్టేసుకున్నాడు గానీ, అడిగినదానికి ఏం చెప్పాలో తెలీక నిలబడ్డం జోజికి ఇదే మొదటిసారి. నిజం చెబితే పిల్ల ఆఖరి ఆశ తన చేత్తో తుంచినట్టవుతుంది. చెప్పలేదంటే అబద్ధమవుతుంది. ఈ రెంటిలో ఏదీ నోటికి రాలేదు.

రెబెకా చాలాసేపు ఎదురుచూసింది.

"సరే," అంది. ఇంకో బంతి తనే తీసుకుని వేసుకుని కొట్టింది. అది ఇసక దాటి, రేవు దాటి, నీళ్ళలో పడింది. కర్ర భుజాన వేసుకుని ఒడ్డెక్కి వెళ్ళిపోయింది, తండ్రి కోసం ఆగకుండా.

ఇంటివైపు కాదు. శ్యామ్ బాబు ఇల్లున్న వీధివైపు వెళ్ళింది. జోజి ఆ సంగతి చూశాడు గానీ ఏమీ అనుకోలేదు. మేనమామ ఇల్లు కదా, వెళుతుంది.

*

మర్నాడు పొద్దున్న సువర్ణ డ్యూటీకి వెళ్ళింది. పాపాయమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది. పోతూ పోతూ కొడుకు పక్కన ఆగి, "ఒరే, నిన్ను మాటలాడమని అడగను. ఓ నాలుగు మెతుకులైనా తినరా అయ్యా," అని వెళ్ళింది.

జోజి కాయల దగ్గర కూర్చుని ఉండగా జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. వెంకటరాజుగారు.

బెంగళూరులో రిఫరీ ఆయనే. ఒకప్పుడు విశాఖలో నేవీ ఆఫీసరు. ఆయన బ్యాగు కూడా జోజి మోశాడు. రెబెకా వెళ్ళి చెప్పుకుంది ఆయనకే.

జోజి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎవరో దిగినట్టున్నారు. పంటులో చోటు దొరికిందనుకున్నాడు. ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మాట రాలేదు. ఊపిరి మాత్రం వినపడి ఉంటుంది అవతలికి.

"జోజీ, నువ్వేనా? మాట్లాడకపోయినా పర్లేదు, విను," అన్నారు వెంకటరాజుగారు. "నిన్న సాయంత్రం నువ్వు మా ఆఫీసుకి ఫోన్ చేసేవంట కదా. నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు, మా అమ్మాయి కంగారులో పొరబడింది అన్నావట. ఫోన్ ఎత్తినమ్మాయికి నీ గొంతు తెలీదు. తనే నాకు చెప్పింది."

జోజి చేతిలో కాయ జారి కింద పడింది.

"ఢిల్లీ ఆవిడ కూడా అడగలేదనే అంటోంది. ఇద్దరూ కాదన్నాక ఆ దెబ్బలు తీసేద్దామని కమిటీలో మిగతావాళ్ళు అంటున్నారు. తీసేస్తే రెబెకా రెండో చోటులోకి వస్తుంది. పేర్లు ఇవాళే పంపాలి. నీ నోటితో ఒకసారి విందామని చేసేను. చూడు జోజీ, నీ సంగతి నాకు తెలుసు. ఇబ్బందైతే నువ్వేం మాట్లాడకు. కాదనకపోతే చాలు. నిన్నటి మాటే నీ మాటని అనుకుంటాను."

పెరట్లో దండెం మీద రెబెకా కర్రలు తుడిచే గుడ్డ ఆరేసి ఉంది. గాలికి ఊగుతోంది.

ఊరుకుంటే చాలు. ఇన్నాళ్ళూ తనకు తాను వేసుకున్న శిక్షే అది. ఇప్పుడు అదే శిక్ష కూతుర్ని పంటెక్కిస్తుందట. ఒక్క మాటతో పోగొట్టింది, ఒక్క మాటా అనకుండా తెచ్చుకోవచ్చు. ఇంత సులువైన పని దేవుడు తనకెప్పుడూ ఇవ్వలేదు.

కళ్ళు మూసుకున్నాడు. చెరువు పక్కన నిలబడి తనవైపు చూసిన పిల్ల కనబడింది. తలెత్తుకుని రిఫరీ దగ్గరికి నడిచి వెళుతున్న వీపు కనబడింది. ఆ నడకని అబద్ధం చెయ్యాలా?

"సరే అయితే, ఉంటాను మరి," అన్నారు వెంకటరాజుగారు.

"చెప్పేనండి," అన్నాడు జోజి.

వాడక వాడక గొంతు తుప్పు పట్టినట్టుంది.

"ఏంటి?"

"ఆయ్. చెప్పేనండి. ఆవిడ అడిగేరు, నేను సెవెనండి అన్నాను. నిన్న ఫోన్ చేసింది నేను కాదండి."

"మరెవరు?"

"మా బావమరిది అయ్యుంటారండి. మంచివారేనండి. పిల్ల బాధ చూళ్ళేక చేసుంటారు."

"అది చాలా పెద్ద తప్పు జోజీ. నీ పేరు పెట్టుకుని మాట్లాడ్డం." ఆయన గొంతు గట్టిపడింది. "ఇప్పుడు నేను ఇంకోటి అడగాలి. ఆలోచించుకుని చెప్పు. ఈ సంగతి రెబెకాకి తెలుసా? తెలిసి చేయిస్తే రిజర్వులో కూడా పేరు ఉంచరు. రాబోయే ఏళ్ళల్లో కూడా రానివ్వరు. తెలీదంటే మాత్రం ఆ పిల్ల జోలికి ఎవరూ రారు, మొదటి రిజర్వుగా ఉంటుంది. ఆ పూచీ నాది."

"అయ్యో, తెలీదండి!" ఆనకట్ట తెగినట్టు వచ్చాయి మాటలు. "దానికి ఎలా తెలుస్తుందండి? కన్నతండ్రి తప్పు తన కాళ్ళతో నడిచొచ్చి మీకు చెప్పుకున్న పిల్లండి అది. నన్ను ఏవన్నా అనండి, పడతాను. నా కూతురు మాత్రం అలాంటిది కాదండి. కావాలంటే బైబిల్ మీద ప్రమాణం చేసి…"

"అలా ప్రమాణం చెయ్యకు డాడీ."

జోజి తిరిగి చూశాడు. వంటింటి గుమ్మంలో రెబెకా. చేతిలో కంచం, దాన్లో కాసింత చద్దన్నం, మాగాయ ముక్క. తండ్రి గొంతు ఇన్నాళ్ళకి వినపడి పరిగెత్తుకొచ్చినట్టుంది. మొహంలో మొదట వచ్చిన సంతోషం ఇంకా పూర్తిగా పోలేదు. దాని కిందనుంచి ఇంకోటేదో పైకి వస్తోంది.

జోజి ఫోను ఛాతీకి అదుముకున్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఎవరికి చెబుతున్నావో తెలీదు గానీ, అలా చెప్పకు." కంచం గట్టు మీద పెట్టింది. "మావయ్య సొంతంగా చెయ్యలేదు. నిన్న ఇసకలోంచి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళేను. ఫోన్ చెయ్యమంది నేనే డాడీ."

జోజి ఫోనుని ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నిన్ను అడిగేను కదా. అవునన్నా బాగుండేది. కాదన్నా బాగుండేది. నువ్వేం అనలేదు. నువ్వు కూడా అదే కోరుకుంటున్నావనుకున్నాను. నా కోసం నువ్వు నోరు మూసుకుంటావని అనుకున్నాను." అక్కడే గుమ్మంలో కూలబడింది. "ఆ రాంచీ పిల్ల మొహం గుర్తొస్తూనే ఉంది. అయినా చెయ్యమన్నాను."

పెరట్లో గాలి కూడా ఆగినట్టయింది. గుడ్డ దండెం మీద వేలాడుతోంది.

అప్పుడు వినపడింది, జోజి ఛాతీ దగ్గర్నించి, చిన్నగా, నూతిలోంచి వచ్చినట్టు వెంకటరాజుగారి గొంతు. ఫోను కట్టెయ్యలేదు.

"జోజీ? ఎవరది, అమ్మాయేనా మాట్లాడుతోంది? ఏమంటోంది?"

రెబెకా తలెత్తింది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టింది.

జోజి ఫోను వంక చూశాడు. కూతురు వంక చూశాడు. మెల్లిగా ఫోను చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"జోజీ, నిన్నే అడుగుతున్నాను," అన్నారు అవతల.

*

ఉంటానండి మరి, మిగతాది వచ్చేవారం. ఇంకా ఇక్కడ నిలబడితే నాకే ఏడుపొచ్చేలా ఉంది. ఒక్క చిన్న పని చేసి పెట్టండి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి ఒకరు ఉండే ఉంటారు. ముందు వాళ్ళకి పంపండి ఇది. తర్వాత మీ అక్కచెల్లెళ్ళకి, ఆటలాడే ఆడపిల్లలున్న ఇళ్ళకి. చదివేక ఆ ఫోన్లో జోజిగారు ఏమనాలో వాళ్ళని అడిగి, నాకూ చెప్పండి.